ఇది ఏ పుట?

రేడియో మీట త్రిప్పునప్పుడు మనము మొదట ఎదురుచూచునది పాటకొరకు కాదు, ఒక పేరుకొరకు. ఏదో గొంతు వినబడును, మాటయు తెలుగే, అయినను “ఇది ఏ కేంద్రము?” అను సందేహము తీరువరకు మనస్సు కుదుటపడదు. అందుచేతనే అనౌన్సరు ప్రసారారంభమున తన కేంద్రము పేరు చెప్పును. నడుమ నడుమ మరల చెప్పును. ఆలస్యముగా వచ్చి చేరిన శ్రోతకు తానెక్కడ ఉన్నాడో తెలియవలెను గదా!

ఈ మర్యాద పుస్తకములకును కలదు. త్రాట గ్రుచ్చిన తాళపత్రముల అంచున లేఖకుడు సంఖ్య వేసెడివాడు. త్రాడు తెగి ఆకులు చెదరినను, ఆ సంఖ్యనుబట్టి ఏ ఆకు ఎక్కడిదో పోల్చుకొనవచ్చును.

నేడు మనము చదువు పుటలలో అనేకములకు త్రాడును లేదు, అంచును లేదు. అవి వెబ్‌సైటు పుటలు. వానిని సిద్ధపరచు ప్రోగ్రాములలో “ఇప్పుడు నడచుచున్నది ఏ పుట?” అను ప్రశ్న ఎందుకు పుట్టునో, దానికి తప్పు సమాధానము వచ్చినచో ఆ నష్టము ఎవరిదో, ఈ ప్రసంగమున మనవి చేయదలచితిని.

వెబ్‌సైటు పుట అనగానే, అలమారలోని కాగితమువలె అది ఎక్కడనో సిద్ధముగా ఉండునని మనము అనుకొందుము. మొదటి దినములలో అట్లే ఉండెడిది. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క ఫైలు. ఏ ఫైలు ఏ పుటయో వేరుగ అడుగవలసిన పని లేదు. కాని పుటలు వందలకొలది పెరిగినప్పుడు ఆ పద్ధతి సాగలేదు. తలకట్టులో ఒక టెలిఫోను నంబరు మార్చవలెనన్నను ప్రతి ఫైలును తెరువవలసి వచ్చెడిది. ఆ శ్రమ తీర్చుటకై కంటెంట్ మేనేజ్‌మెంట్ వ్యవస్థలు వచ్చినవి. 2001లో డ్రూపల్, 2003లో వర్డ్‌ప్రెస్, 2005లో జూమ్లా వెలువడినవి. వీనిలో వర్డ్‌ప్రెస్‌ను మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను ఇరువురు 2003 మే 27వ తేదీన తొలిసారి విడుదల చేసిరి. నేను చేయి పెట్టి పనిచేసినది దీనితోనే కనుక నా ఉదాహరణములన్నియు దానినుండియే.

ఈ వ్యవస్థలో పుట ముందుగా సిద్ధమై ఉండదు. వ్రాసిన విషయము డేటాబేసులో ఉండును. తలకట్టు ఒక ఫైలులో, ప్రక్కపట్టీ ఒక ఫైలులో, అడుగుపట్టీ మరియొక ఫైలులో ఉండును. పాఠకుడు చిరునామా పంపిన పిమ్మట ఇవి అన్నియు కలిసి పుటగా కూడును. హోటలులో దోసెవలె, అడిగిన తరువాతనే పెనముమీదికి వచ్చును. తలకట్టు ఫైలు ఒక్కటే. అది వేయి పుటలకు తలకట్టు కావలెను. కనుక ఆ ఫైలులోని కోడు ప్రతిసారి తన్ను తాను ప్రశ్నించుకొనును: “ఇది సంప్రదింపు పుటయేనా? అయినచో ఊరి పటము చూపుదును. మొదటి పుటయేనా? అయినచో స్వాగతవాక్యము చూపుదును.” ఇట్టి ప్రశ్నలకు వర్డ్‌ప్రెస్ ఇచ్చిన పనిముట్లను కండిషనల్ ట్యాగులు అందురు. ‘ఈజ్ పేజ్’ అనునది వానిలో ఒకటి. దానికి ఒక పుట గుర్తు ఇచ్చినచో “అవును” అనియో “కాదు” అనియో బదులు పలుకును. అంతకుమించి ఒక్క మాట చెప్పదు. చిక్కంతయు ఆ “కాదు” అను మాటలోనే కలదు. అది నిజముగా కాకపోయినను “కాదు” అనియే అనును; మనము అడిగిన గుర్తు తప్పయినను “కాదు” అనియే అనును.

ఈ సంగతి నాకు ఒక ఊరి గ్రంథాలయము నేర్పినది. ఆ గ్రంథాలయమునకు నేను వెబ్‌సైటు కూర్చి ఇచ్చితిని. పోటీ పరీక్షల పుస్తకములకు అందులో ఒక పుట కలదు. పఠనమందిరములో సీటు కోరు విద్యార్థులు ఏ తేదీలోపల పేరు నమోదు చేసికొనవలెనో ఆ పుట పైభాగమున ఒక పెట్టెలో కనబడవలెను. ఆ పుట సంఖ్య డేటాబేసులో 42. నేను కోడులో “42వ పుట అయినచో పెట్టె చూపుము” అని వ్రాసితిని. అది చక్కగా పనిచేసెను. గ్రంథాలయాధికారి చూచి సంతోషించిరి. కొన్ని నెలలకు వెబ్‌సైటును వేరొక సర్వరుకు మార్చితిని. అచ్చట 42 అను సంఖ్య అప్పటికే మరియొక దానికి పడియుండుటచేత, మన పుటకు క్రొత్త సంఖ్య వచ్చెను. కోడు మాత్రము 42నే అడుగుచుండెను. పుట ఉన్నది, పుస్తకముల పట్టిక ఉన్నది, పెట్టె లేదు. ఏ హెచ్చరికయు రాలేదు. ఏ ఎఱ్ఱ అక్షరమును కనబడలేదు.

గడువు దాటిన మూడవనాడు ఒక విద్యార్థి గ్రంథాలయమునకు వచ్చెను. “వెబ్‌సైటు రోజూ చూస్తూనే ఉన్నానండీ, తేదీ ఎక్కడా లేదండీ” అనెను. “ఉన్నది నాయనా, నేనే దగ్గరుండి పెట్టించాను” అని అధికారి బదులిచ్చిరి. ఇద్దరును నిజమే చెప్పిరి. తప్పు నాది. సీట్లు అప్పటికే నిండిపోయినవి.

ఆనాడు నేను కూర్చుండి, ఒక పుటను ఎన్ని విధముల గుర్తింపవచ్చునో, ఏ విధము ఎక్కడ మోసము చేయునో వరుసగా పరిశీలించితిని.

మొదటిది సంఖ్య. డేటాబేసులో ప్రతి పుటకు ఒక సంఖ్య ఉండును. శీర్షిక మార్చినను, చిరునామా మార్చినను సంఖ్య మారదు. ఇది గొప్ప సుగుణమే. కాని ఆ సంఖ్య ఆ డేటాబేసునకు మాత్రమే చెల్లును. ఒక ఊరిలోని ఇంటి నంబరు మరియొక ఊరిలో చెల్లనట్లే, సర్వరు మారినప్పుడు అది చెల్లుట నిశ్చయము కాదు. మరియొక చిక్కు కలదు. వర్డ్‌ప్రెస్‌లో పుటలకు సంఖ్యలున్నట్లే విషయవిభాగములకును సంఖ్యలు కలవు. రెండు వరుసలును వేరు. 7వ పుట ఉండవచ్చును, 7వ విభాగమును ఉండవచ్చును. ‘గెట్ క్వెరీడ్ ఆబ్జెక్ట్ ఐడి’ అను పనిముట్టు, పాఠకుడు విభాగమును తెరచియున్నప్పుడు విభాగపు సంఖ్యనే ఇచ్చును. కేవలము “7 వచ్చినది గదా” అని నమ్మినచో, పుటకొరకు వ్రాసిన ప్రకటన విభాగములో వెలయును. కనుక సంఖ్యతోపాటు అది ఏ జాతిదో కూడ అడుగవలెను.

రెండవది పేరు. ప్రతి పుట చిరునామాలో చివర ఒక చిన్న పేరు ఉండును; దానిని స్లగ్ అందురు. ఆంగ్లములో శీర్షిక పెట్టువారికి ఇది సుఖమైన మార్గము. తెలుగువారికి మాత్రము ఇందులో ఒక గుంట కలదు. ఆ పేరు దాచు గదిలో 200 అక్షరస్థానములు మాత్రమే కలవు. ఆంగ్లాక్షరము ఒక్కొక్కటి ఒక్క స్థానము తీసికొనును. తెలుగు వర్ణము ఒక్కొక్కటి యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో మూడు బైట్లు. ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో కలిపి మూడు స్థానములు. వెరసి తొమ్మిది స్థానములు. గుణింతపు గుర్తు, పొల్లు, సున్న కూడ వేరువేరు వర్ణములుగానే లెక్కకు వచ్చును. ‘గ్రంథాలయము’ అను ఒక్క మాట పది వర్ణములు. తొంబది స్థానములు తినివేయును. 200 స్థానములలో 22 తెలుగు వర్ణములకన్న ఎక్కువ పట్టవు.

దీని ఫలితము వినుడు. ‘పోటీ పరీక్షల పుస్తకములు’ అను శీర్షికకు, నడుమ గీతలతో కలిపి, 191 స్థానములు పట్టును. మన గ్రంథాలయమువారు ‘పోటీ పరీక్షల పుస్తకములు తెలుగులో’ అని ఒక పుటయు, ‘పోటీ పరీక్షల పుస్తకములు ఆంగ్లములో’ అని మరియొక పుటయు పెట్టిరనుకొనుడు. చివరి మాట రెండింటను తెగిపోవును. రెండు పేర్లును ఒక్కటియే అగును. రెండవదానికి వ్యవస్థ తనంతట తాను ‘2’ తగిలించును. ఏది తెలుగు పుటయో, ఏది ఆంగ్లపు పుటయో పేరునుబట్టి ఇక తెలియదు. మొదట ఏది వ్రాసిరో అదియే ‘2’ లేనిది. అంతియేకాదు: డేటాబేసులో ఆ పేరు తెలుగు లిపిలో ఉండదు, శాతపు గుర్తులతో కూడిన సంకేతములుగా దాగియుండును. కోడులో ఆ పేరును తెలుగు అక్షరములతో వ్రాసి ‘ఈజ్ పేజ్’ను అడిగినచో అది పోలిక పట్టలేక “కాదు” అనును. అందుచేత తెలుగు వెబ్‌సైటు నడపువారు శీర్షిక తెలుగున పెట్టినను, చిరునామాలోని పేరును తామే పొట్టిగా, ఆలోచించి పెట్టుట మంచిది.

మూడవది శీర్షిక. ‘ఈజ్ పేజ్’ శీర్షికతో కూడ పోల్చిచూడగలదు. ఇందు తెలుగు అక్షరములు యథాతథముగనే ఉండును. కాని ‘వెబ్‌సైటు’ అను మాట వ్రాయునప్పుడు పొల్లుబకారమునకు తరువాతి ‘సై’ ఒత్తుగా దిగకుండుటకై నడుమ కంటికి కనబడని అక్షరమొకటి వేయుదుము. ఒకరు వేయుదురు, ఒకరు వేయరు. అటులనే ఐత్వమును ఒక్క సంకేతముగా వ్రాయవచ్చును, రెండు సంకేతములుగా వ్రాయవచ్చును. కన్నునకు రెండును ఒక్కటే, యంత్రమునకు వేరు. ఇదిగాక, శీర్షిక అనునది సంపాదకుని సొత్తు. ‘పుస్తకములు’ అని ఉన్నదానిని ఆయన ఒకనాడు ‘పుస్తకాలు’ అని దిద్దవచ్చును. ఆ స్వాతంత్ర్యము ఆయనకు ఉండవలెను. ఆయన ఒక మాట దిద్దినంత మాత్రమున ఎక్కడనో ఒక ప్రకటన మాయమగుట న్యాయము కాదు.

నాల్గవది, పాఠకుడు పంపిన చిరునామానే అక్షరమక్షరము చదివి పోల్చుట. ఇది సూటిగా కనబడును. కాని ఒకే పుటకు చివర ఏటవాలు గీత ఉన్న చిరునామా ఉండును, లేనిది ఉండును. ప్రశ్నార్థకము వెనుక ఏవేవో తోకలు చేరి వచ్చును. పైగా అది బయటివాడు పంపిన మాట. దానిని శుద్ధి చేయక పుటలో తిరిగి అచ్చువేసినచో, దుర్బుద్ధి కలవాడు అందులో తన కోడు చొప్పించి పాఠకుని మోసగింపవచ్చును.

ఇక, గుర్తు సరియైనదే అయినను ప్రశ్న తప్పు కావచ్చును. “ఇది ఏ పుట?” అనునది వినుటకు ఒక్క ప్రశ్న; నిజమునకు రెండు. విజయవాడలో రైలెక్కి రాజమహేంద్రవరము పోవు ప్రయాణీకుని తలచుకొనుడు. ఏలూరులో బండి ఆగినప్పుడు కిటికీనుండి చూచినచో బోర్డుమీద ఏలూరు అని ఉండును. తాడేపల్లిగూడెములో ఆ ఊరి పేరుండును, నిడదవోలులో మరియొకటి. చేతిలోని టికెట్టుమీద మాత్రము ఆసాంతము రాజమహేంద్రవరమే. వర్డ్‌ప్రెస్‌లో టికెట్టు వంటిది ప్రధాన క్వెరీ: పాఠకుడు కోరినది ఏదో అది చెప్పును. స్టేషను బోర్డు వంటిది ‘గెట్ ది ఐడి’: ఇప్పుడు కోడు ఏ వ్యాసము చేతపట్టుకొని ఉన్నదో అది చెప్పును. పుట ప్రక్కన ‘క్రొత్త వ్యాసములు అయిదు’ అని ఒక పట్టీ వేసినప్పుడు కోడు ఆ అయిదింటిని ఒక్కొక్కటిగా చేతపట్టును. పని ముగిసిన పిమ్మట ‘డబ్ల్యు.పి. రీసెట్ పోస్ట్ డేటా’ అని చెప్పి మొదటి పుటను తిరిగి చేతికి తీసికొననిచో, ఆ తరువాత ఎవరు అడిగినను అయిదవ వ్యాసము పేరే చెప్పును. ‘క్వెరీ పోస్ట్స్’ అను పాత పనిముట్టు ఇంకను ప్రమాదకరము. అది బోర్డును కాదు, టికెట్టునే మార్చివేయును. కావున పాఠకుడు కోరిన పుటను తెలిసికొనవలెనన్నచో టికెట్టునే అడుగవలెను, బోర్డును కాదు.

అడుగు వేళ కూడ ముఖ్యము. థీములోని ‘ఫంక్షన్స్’ అను ఫైలు, చిరునామా విప్పి పుటను వెదకుటకు ముందే చదువబడును. అందులో నేరుగా “ఇది ఏ పుట?” అని అడుగుట, టికెట్టు కొనకముందే “నేనెక్కడికి పోవుచున్నాను?” అని అడుగుట వంటిది. వ్యవస్థ “కాదు” అనియే పలుకును. ప్రధాన క్వెరీ ముగిసిన తరువాత పిలుచు ‘టెంప్లేట్ రీడైరెక్ట్’ వంటి ఘట్టమున ఆ ప్రశ్న అడిగినచో సరియైన బదులు వచ్చును.

క్రొత్తవారిని మోసగించు పేరు ఇంకొకటి కలదు. ‘ఈజ్ హోమ్’ అనగా మొదటి పుట అని తోచును. కాని అది వ్యాసముల జాబితా పుటను సూచించును. వెబ్‌సైటు ముఖద్వారమును సూచించునది ‘ఈజ్ ఫ్రంట్ పేజ్’. స్వాగతవాక్యముతో స్థిరమైన మొదటి పుట నొకదానిని నియమించి, వ్యాసముల జాబితాను వేరొక పుటకు మార్చిన వెబ్‌సైటులో ఈ రెండును వేరు వేరు.

ఇంత విచారించిన పిమ్మట గ్రంథాలయపు కోడును ఏమి చేసితినో చెప్పెదను. అందులో సంఖ్యయు తీసివేసితిని, పేరును పెట్టలేదు. ‘గడువు పెట్టెతో పుట’ అని ఒక పేజ్ టెంప్లేటు కూర్చితిని. ఏ పుటకు ఆ పెట్టె కావలెనో ఆ పుటను దిద్దునప్పుడు అధికారియే జాబితానుండి ఆ టెంప్లేటును ఎన్నుకొందురు. ఆ ఎన్నిక పుటతోపాటు డేటాబేసులో నిలుచును. ఎగుమతి చేసినప్పుడు పుటతోపాటే ప్రయాణము చేయును. ఇప్పుడు కోడు “నీవు 42వ పుటవా?” అని అడుగదు, “నీకు గడువు చూపు పని కలదా?” అని అడుగును. సంఖ్యను యంత్రము ఇచ్చును. పనిని మనిషి ఇచ్చును. మనిషి ఇచ్చినదానిని మనిషియే తెరచి చూచి, కనబడనిచో దిద్దుకొనగలడు. నేను ఊరిలో లేకున్నను అధికారికి ఇబ్బంది లేదు.

ఇంతవరకు కోడు తన కొరకు తాను తెలిసికొనుటను గూర్చి చెప్పితిని. తెలిసికొన్నదానిని పాఠకునికి చెప్పుట మరియొక బాధ్యత. వెబ్‌సైటు పైవరుసలో ‘మొదటి పుట, పుస్తకములు, వేళలు, చిరునామా’ అని పట్టిక ఉండును. ఉన్న పుటను తెలుపుటకు ఆ పేరుక్రింద గీత గీయుదురు, లేదా రంగు మార్చుదురు. చూపున్నవారికి అది చాలును. చూపు లేనివారు తెరమీది మాటను ఎన్.వి.డి.ఎ. వంటి ప్రోగ్రాము చదివి వినిపించగా విందురు. రంగు వారికి వినబడదు. ఆ లోటు తీర్చుటకై డబ్ల్యు3 కన్సార్టియము 2017 డిసెంబరులో ఖాయపరచిన ఏరియా 1.1 ప్రమాణములో ‘ఏరియా కరెంట్’ అను గుర్తు చేర్చిరి. దానికి ‘పేజ్’ అను విలువ ఇచ్చినచో, లంకె పేరుతోపాటు అది ప్రస్తుత పుట అని కూడ ఆ ప్రోగ్రాము పలుకును. వర్డ్‌ప్రెస్ పట్టికను దాని పద్ధతిలోనే వేసినచో ఈ గుర్తును అదియే పెట్టును. చేతితో వ్రాసిన పట్టికలో మనము పెట్టవలెను. ఇందు జాగ్రత్త వలయును. వేగముకొరకు కొందరు పట్టికను ఒక్కసారి కూర్చి, దాచి, అన్ని పుటలకు అదే అతికింతురు. అట్లు చేసినచో మొదట కూర్చిన పుట గుర్తే అన్ని పుటలలో పలుకును. చిరునామా పుటలో ఉన్న అంధపాఠకునికి “నీవు వేళల పుటలో ఉన్నావు” అని చెప్పుట, ఏమియు చెప్పకుండుటకన్న అన్యాయము.

వెబ్‌సైటులు కూర్చు యువకులు శ్రోతలలో ఉన్నచో వారికి ఒక్క మనవి. పని ముగిసినదనుకొన్న తరువాత మూడు పరీక్షలు చేయుడు. వెబ్‌సైటు నకలును మరియొక సర్వరున నిలిపి, కావలసినవి కావలసిన పుటలలో ఉన్నవో లేవో చూడుడు. ఒక శీర్షికలో ఒక అక్షరము మార్చి మరల చూడుడు. పిమ్మట కన్నులు మూసికొని, తెరచదువరి ప్రోగ్రాము చేత పట్టికను చదివించి, మీరు ఏ పుటలో ఉన్నారో వినుడు. ఈ మూడింటికి అరగంటకన్న ఎక్కువ పట్టదు. నేను ఆ అరగంట మిగుల్చుకొంటిని. దాని వెల ఆ విద్యార్థి చెల్లించెను.

గ్రంథాలయపు పుటలో ఆ పెట్టె నేడు ఉన్నది. మరుసటి నమోదు తేదీ అందులో ప్రకటింపగా, మొదటినాడే వచ్చి సంతకము చేసినవారిలో ఆ విద్యార్థి యుండెనని అధికారి నాకు తెలిపిరి.